సీ డ్రైవ్ ఎర్రగైందా? పార్టిషన్ గెట్టు జరపాలంటే ఏది వాడాలె, ఎప్పుడు అస్సలు ముట్టుకోవద్దు

మొన్న మిర్యాలగూడ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసిండు. జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ నడుపుతడు. "అన్నా, సీ డ్రైవ్ ఎర్రగైంది, ప్రింట్ కొడితే నడుమల ఆగిపోతుంది, బయట జనం లైన్ కట్టిన్రు, పక్కన డీలో బోలెడంత ఖాళీ ఉంది, అండ్ల నుంచి ఒక 100 జీబీ ఇటు తియ్యనీకి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదో చెప్పు" అన్నడు. ఈ ప్రశ్న నాకు నెలకు రెండుసార్లన్నా వస్తది, నల్గొండ నుంచి, నకిరేకల్ నుంచి, ఒకసారి మహబూబ్‌నగర్ నుంచి కూడా వచ్చింది, అందరూ అడిగేది సాఫ్ట్‌వేర్ పేరే. నేను మాత్రం పేరు చెప్పను, ముందుగాల ఒక ఫోటో అడుగుత. విండోస్ కీ పట్టుకొని ఎక్స్ కొట్టు, డిస్క్ మేనేజ్‌మెంట్ అని వస్తది, ఓపెన్ చేసి కింద పెట్టెలు పెట్టెలుగా కనిపించే దాన్ని ఫోటో తీసి వాట్సాప్ చెయ్ అంట. ఏ టూల్ వాడాలె అన్నది ఆ ఫోటోలోనే తేలిపోతది.

తమ్ముడు పంపిన ఫోటోలో ఏమున్నదంటే, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ లెక్కలో అది 931 జీబీ. ఎడమ దిక్కు నుంచి మొదట 100 ఎంబీల ఈఎఫ్ఐ (మెషిన్ లేవనీకి కావాల్సింది) పెట్టె, దాని పక్కన 100 జీబీ సీ, సీ పక్కన అర జీబీ కంటే కొంచెం ఎక్కువున్న రికవరీ (విండోస్ చెడితే బాగు చేసేది) పార్టిషన్, ఆ తర్వాత డీ, చివరికి ఈ (E) డ్రైవ్. తమ్ముడు అప్పటికే యూట్యూబ్ చూసి డీ మీద రైట్ క్లిక్ కొట్టి 100 జీబీ ష్రింక్ (తగ్గించుడు) చేసేసిండు, అన్‌అలొకేటెడ్ అని నల్ల పట్టీతోటి ఖాళీ జాగ కూడా వచ్చింది. కానీ సీ మీద రైట్ క్లిక్ కొడితే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ (డ్రైవ్ పెంచుడు) అన్న లైన్ బూడిద రంగులోనే ఉంది, నొక్కుతే నొక్కబడదు. "ఖాళీ ఉంది కదన్నా, ఎందుకు తీసుకోదు" అంటడు.

దీన్ని పొలం గెట్టు లెక్క చూస్తే తేలిగ్గా సమజైతది. డిస్క్ అంటే ఒక పొడుగాటి పట్టా భూమి, పార్టిషన్లు అంటే వరుసగా ఉన్న చేన్లు. సీ చేను పెంచాలంటే దానికి ఆనుకొని కుడి పక్కన భూమి ఖాళీగా ఉండాలె. తమ్ముడు డీని ష్రింక్ చేసిండు గని, ష్రింక్ చేస్తే ఖాళీ ఎప్పుడూ ఆ చేనుకు కుడి చివర్లోనే పడతది. అంటే ఖాళీ జాగ డీకి, ఈకి నడుమ వచ్చింది. సీకి దానికి మధ్యన రికవరీ అన్న చిన్న మడి ఒకటి, డీ అన్న పెద్ద చేను ఒకటి అడ్డం ఉన్నయ్. నడుమ ఇద్దరి భూములు పెట్టుకొని ఆ అవతల ఖాళీ భూమిని నీ చేన్ల కలుపుకుంట అంటే ఎట్ల కుదురుతది?

కుడి గెట్టు జరపడం అల్కటి పని, సెకన్లల్ల అయిపోతది, ఎందుకంటే లోపలి డేటా ఉన్నకాన్నే ఉంటది, హద్దు రాయి ఒక్కటే మారుతది. ఎడమ గెట్టు జరపాలంటే మాత్రం ఆ పార్టిషన్‌లో ఉన్న డేటా మొత్తం, చేను చేనంత పంటతో సహా పక్కకు జరగాలె. టైమ్ పట్టేది అక్కడే, ప్రమాదం ఉన్నదీ అక్కడే. ఏ టూల్ తీసుకున్నా ఈ తేడా పోదు. కొన్ని టూల్స్ ఎడమ గెట్టు ముట్టుకోవు, కొన్ని ముట్టుకుంటయ్, అంతే. కాబట్టి మీ ఫోటోలో జరగాల్సింది ఏ గెట్టో చూస్కొని తర్వాత టూల్ సంగతి మాట్లాడుకుందాం.

అసలు జరపాల్నా?

నన్నడిగితే సగం కేసుల్లో గెట్టు జరిపే అవసరమే ఉండదు. సీ నిండిందంటే సీ చిన్నగుందని కాదు, సీలో ఉండకూడనిది ఉన్నదని. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్ ఓపెన్ చేస్తే ఏది ఎంత తింటుందో చూపిస్తది, అది సరిపోకపోతే విజ్‌ట్రీ అన్న చిన్న ప్రోగ్రామ్ ఉంది, నిమిషం లోపల పెద్ద ఫైళ్లన్నీ రంగు డబ్బాలు లెక్క ముందల పెడతది.

ఎక్కువసార్లు దొరికేవి ఇవే. మొన్నమొన్న 10 నుంచి 11కు అప్‌గ్రేడ్ అయిన మెషిన్ అయితే విండోస్ డాట్ ఓల్డ్ అని పాత విండోస్ మొత్తం ఒక ఫోల్డర్‌లో కూసొని ఉంటది, మామూలుగా 10 రోజులకు దానంతట అదే పోతది, ముందే తీసెయ్యాలంటే స్టోరేజ్‌లో టెంపరరీ ఫైల్స్ నుంచి తీసెయ్యొచ్చు, కాకపోతే తీసినంక పాత విండోస్‌కు వెనక్కి పోలేరు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 సపోర్ట్ అయిపోయింది కాబట్టి మస్తుమంది అప్‌గ్రేడ్ చేసిన్రు, అందుకే ఇది ఇప్పుడు చాలా మెషిన్లలో కనిపిస్తుంది. ఆ తర్వాత హైబర్‌ఫిల్ అన్న దాచిపెట్టిన ఫైల్, ర్యామ్‌లో దాదాపు 40 శాతం సైజు ఉంటది, 8 జీబీ ర్యామ్ ఉంటే 3 జీబీ పైన. హైబర్నేట్ (చేస్తున్న పనిని డిస్క్ మీద దాచి మెషిన్ ఆపుడు) వాడనోళ్లు అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్ హెచ్, స్పేస్, ఆఫ్ అని కొడితే ఆ ఫైల్ పోతది. డెస్క్‌టాప్‌కు ఇబ్బందేం లేదు.

ఇగ డౌన్‌లోడ్స్ ఫోల్డర్. ఆన్‌లైన్ సెంటర్ల మెషిన్లు చూస్తే హాల్ టికెట్లు, ఆధార్ పీడీఎఫ్‌లు, కులం సర్టిఫికెట్లు, ఏండ్ల తరబడి అన్నీ అందులోనే ఉంటయ్. (జనం ఆధార్ కాపీలు అట్ల పెట్టుకోవడం మంచిది కాదు, పని కాంగనే తీసెయ్యండి, అది వేరే ముచ్చట గని చెప్పకుండా ఉండలేను.) డౌన్‌లోడ్స్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అందులో లొకేషన్ ట్యాబ్, మూవ్ కొట్టి డీలో ఒక కొత్త ఫోల్డర్ చూపిస్తే మొత్తం అక్కడికి పోతది, ఇకమీదట దిగేవి కూడా అక్కడే దిగుతయ్. జర జాగ్రత్త, డీలో ముందుగాల ఒక ఫోల్డర్ చేసి దాన్నే చూపించండి, ఉత్తగ డీ డ్రైవ్‌నే చూపిస్తే డ్రైవ్ మొత్తం డౌన్‌లోడ్స్ అయి కూసుంటది, మళ్ల వెనక్కి తీసుడు పెద్ద పరేషాన్. ఫోటో స్టూడియో వాళ్లైతే ఫోటోషాప్ స్క్రాచ్ డిస్క్ చూడండి, అది మామూలుగా సీ మీదనే ఉంటది, పెద్ద ఆల్బమ్ షీట్ ఓపెన్ చేస్తే పదుల జీబీలు తింటది, ప్రిఫరెన్సెస్‌లో డీకి మారిస్తే సీకి ఊపిరి ఆడుతది.

ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌ను మాత్రం కట్ చేసి డీలో పేస్ట్ చెయ్యకండి, విండోస్ లోపలి విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డర్‌ను చేత్తోటి డిలీట్ చెయ్యకండి. రెండిట్ల ఏది చేసినా సీ పెరుగుడు పక్కకు పెట్టి విండోస్ మళ్ల ఎక్కించుకునుడే అయితది.

ఇంత చేసినంక కూడా సీలో 20 జీబీ మిగలకపోతే అప్పుడు గెట్టు జరిపే ముచ్చట.

విండోస్ లోపలున్న డిస్క్ మేనేజ్‌మెంట్

కుడి గెట్టు పనికి దీన్ని మించింది లేదు. ఈ ష్రింక్, ఎక్స్‌టెండ్ విస్టా కాలం నుంచి విండోస్‌లోనే ఉన్నయ్, డౌన్‌లోడ్ లేదు, పైసలు లేవు, రీస్టార్ట్ కూడా అక్కర్లేదు. డేటాను పక్కకు జరిపే పనే పెట్టుకోదు కాబట్టి పాడయ్యే ఛాన్స్ చాలా తక్కువ. పెద్ద సీలోంచి కొంత తీసి కొత్త డ్రైవ్ చేసుకోనీకి, లేదంటే పక్కనే ఖాళీ ఉన్న డ్రైవ్‌ను పెంచనీకి నేను వేరే ఏదీ వాడను. విండోస్ 11లో సెట్టింగ్స్, స్టోరేజ్‌లో డిస్క్స్ అండ్ వాల్యూమ్స్ నుంచి కూడా ఇదే పని చేసుకోవచ్చు.

ఒక తప్పు చాలామంది చేస్తరు. ష్రింక్ కొట్టంగనే ఎంత అని ఒక డబ్బా వస్తది, అందులో రాయాల్సింది ఎంత తీసెయ్యాల్నో, ఎంత మిగలాల్నో కాదు. పైగా అది ఎంబీలలో అడుగుతది, 100 జీబీ కావాలంటే 102400 అని కొట్టాలె. 100 అని కొట్టి 100 ఎంబీల ముక్క తెచ్చుకొని, మళ్ల మళ్ల కొట్టి ముక్కలు ముక్కలు చేసుకున్నోళ్లను చూసిన.

దీని లోటు ఏందో మా అక్క బిడ్డ ల్యాప్‌టాప్ దగ్గర మంచిగ తెలిసొచ్చింది. పిల్ల నల్గొండలోనే బీటెక్ చదువుతుంది, కాలేజీల ఉబుంటు అన్న లినక్స్ కావాలన్నరట. 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, విండోస్‌లో 476 కనిపిస్తది, మొత్తం ఒక్క సీ, వాడింది 130 జీబీలే. అంటే 340 పైన ఖాళీ. ష్రింక్ కొడితే మాత్రం 61 జీబీ కంటే ఎక్కువ ఇయ్య అంటది. "మామా, ఖాళీ అంత ఉంటే ఇది ఎందుకు ఇస్తలేదు" అని పిల్ల నా మొకం చూస్తది. కారణమేందంటే కొన్ని ఫైళ్లను విండోస్ నడుస్తున్నప్పుడు కదిలించలేదు, పేజ్‌ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునేది), హైబర్నేషన్ ఫైల్, రీస్టోర్ పాయింట్లు, ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డిస్క్ మీద ఫైళ్లు పేర్చే పద్ధతి) సొంత పట్టిక, ఇసొంటివి. చేను నడుమ ఒక బండరాయి ఉంటే గెట్టు దాని దాకనే వస్తది, రాయి అవతల ఎంత బీడు ఉన్నా సరే.

ఆ రాయి ఏందో కూడా విండోస్ చెప్తది. ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, అప్లికేషన్ ఓపెన్ చేసి 259 నంబర్ ఈవెంట్ చూడండి, ఆఖరికి అడ్డమొచ్చిన ఫైల్ పేరు అందులో రాసి ఉంటది. పిల్ల మెషిన్‌లో రీస్టోర్ పాయింట్ల ఫైల్ అడ్డమున్నది. సిస్టమ్ ప్రొటెక్షన్ ఆఫ్ చేసి ఉన్న పాయింట్లు తీసేసినం, హైబర్నేట్ ఆఫ్ చేసినం, పేజ్‌ఫైల్ నో అని పెట్టి రీస్టార్ట్ చేసినం, మళ్ల ష్రింక్ కొడితే 100 జీబీ సాఫ్‌గా వచ్చింది. అయినంక అన్నీ మళ్ల ఆన్ చేసినం, ఇది మరువొద్దు, పేజ్‌ఫైల్ లేకుండ వదిలేస్తే తక్కువ ర్యామ్ మెషిన్ సతాయిస్తది. ఆ 100 జీబీని ఫార్మాట్ చెయ్యకుండా అట్లనే అన్‌అలొకేటెడ్‌గా వదిలేసి ఉబుంటు ఇన్‌స్టాలర్‌కు చూపించినం. డ్యుయల్ బూట్ (ఒకే మెషిన్ల విండోస్, లినక్స్ రెండూ) చేసుకునేటోళ్లు ఇదే పద్ధతి పట్టుకోండి, విండోస్ పార్టిషన్‌ను విండోస్ తోటే తగ్గించండి, లినక్స్ పార్టిషన్లను లినక్స్ తోటే చేయండి.

ఇంకో ముచ్చట, ష్రింక్ అన్నది ఎన్‌టీఎఫ్‌ఎస్‌కే, ఎఫ్ఏటీ32, ఎక్స్‌ఫ్యాట్ పార్టిషన్లను ఇది తగ్గించదు. పార్టిషన్ల లెక్క పాత ఎంబీఆర్ పద్ధతిల ఉన్న డిస్క్‌లో అప్పటికే నాలుగు ప్రైమరీ పార్టిషన్లు ఉన్నయనుకోండి, ఇంకోటి చేయబోతే డైనమిక్ డిస్క్‌గా మారుస్త అని అడుగుతది, నో కొట్టి బయటికి రండి.

నడుమ రికవరీ మడి ఉంటే

ఇది ఇయ్యాల రేపు చాలా మెషిన్లలో ఉన్న తలనొప్పి. విండోస్ 10లో 2004 (ఏడాది కాదు, వెర్షన్ పేరు) వెర్షన్ నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే రికవరీ పార్టిషన్ సీకి ఆనుకొని కుడి పక్కకే వచ్చి కూసుంటది. మైక్రోసాఫ్ట్ అట్ల పెట్టడానికి కారణం ఉంది, రికవరీ ఎప్పుడన్నా పెద్దగ చెయ్యాల్సొస్తే సీలోంచి కొంత తీసుకోవచ్చని. 2024 జనవరిలో ఒక సెక్యూరిటీ అప్‌డేట్ ఎక్కక 0ఎక్స్80070643 అని ఎర్రర్ చూసినోళ్లకు గుర్తుండొచ్చు, అది రికవరీ పార్టిషన్‌లో జాగ చాలకనే వచ్చింది. మనకు మాత్రం సీ పెంచనీకి అదే అడ్డం.

దీనికి రెండు దారులు. ఒకటి, రికవరీకి కుడి పక్కనే ఖాళీ ఉంటే, విండోస్ లోపలే రీఏజెంట్‌సీ, డిస్క్‌పార్ట్ అన్న కమాండ్లతో రికవరీని ఆపి, ఆ పార్టిషన్‌ను తీసేసి, సీని పెంచి, చివర్ల 1 జీబీ వదిలి మళ్ల రికవరీ పెట్టుకునుడు. రికవరీని ఆపి, తీసి, మళ్ల పెట్టుకునే స్టెప్స్ మైక్రోసాఫ్ట్ సొంత పేజీలో వరుసగా ఉన్నయ్, అవి చదువుకుంట చేస్తే డేటా ఏం జరగదు, తొందరగ అయిపోతది. కానీ డిస్క్‌పార్ట్ అన్నది అడగదు, ఆగదు. సెలెక్ట్ పార్టిషన్ 4 అని కొట్టాల్సిన కాడ 5 కొట్టి డిలీట్ ఓవర్‌రైడ్ అంటే మీ డీ డ్రైవ్ పోతది, ఆర్ యూ ష్యూర్ అన్న మాట కూడా ఉండదు. కమాండ్లు రోజూ కొట్టే అలవాటు ఉన్నోళ్లకే ఈ దారి. ప్రతి కమాండ్ ముందు లిస్ట్ పార్టిషన్ కొట్టి, సైజులు వేలు పెట్టి చూసుకొని ఎంటర్ నొక్కాలె.

రెండో దారి, ఆ రికవరీ మడిని కుడికి జరిపే టూల్ వాడుడు. మడి చిన్నది, అర జీబీ, ఒక జీబీ, కాబట్టి అది జరగనీకి నిమిషం కూడా పట్టదు. అయితే దానికి కుడి పక్కన ఖాళీ ఉండాలె, అంటే డీ ఎడమ గెట్టు ముందే వెనక్కి జరిగి ఉండాలె, మళ్ల పాత కథనే. డీలోని డేటా ఈ (E) డ్రైవ్‌లోనో ఎక్స్‌టర్నల్‌లోనో పడుతది అంటే మాత్రం నేను డీని జరపను, డేటా కాపీ చేసి, తెరిచి చూసుకొని, డీని డిలీట్ చేసి, సీ పెరిగినంక మిగిలిన జాగలో కొత్త డీ చేసి డేటా తిరిగి వేస్త. కాపీ చేసుడు ఎప్పుడూ జరపడం కంటే భద్రం, ఎందుకంటే నడుమల ఏమైనా అసలు డేటా దాని జాగలో అది ఉంటది.

జీపార్టెడా, విండోస్ మీద నడిచే టూల్సా

ఎడమ గెట్టు తప్పదు అన్నప్పుడు వచ్చే పోలిక ఇది.

జీపార్టెడ్ ఫ్రీ సాఫ్ట్‌వేర్, పూర్తిగా ఉచితం, ఏ ఫీచర్‌కు తాళం ఉండదు. పెన్‌డ్రైవ్‌లో జీపార్టెడ్ లైవ్ వేసుకొని దాని నుంచి బూట్ చేస్తరు, కొన్ని ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్‌లలో కూడా ఉంటది. విండోస్ నడవట్లేదు కాబట్టి నేను పైన చెప్పిన బండరాళ్లు దీనికి అడ్డం రావు. ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎఫ్ఏటీ32, ఈఎక్స్‌టీ4, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అన్నిట్నీ చూస్తది. మీరు చెప్పిన పనులన్నీ కింద ఒక లిస్టులో పేరుస్తది, పైన పచ్చ టిక్ కొట్టేదాకా డిస్క్ మీద ఏం రాయదు, అంటే టిక్ కొట్టే ముందు చాయ్ తాగి వచ్చి మళ్లొకసారి చదువుకోవచ్చు. నాకు దీంట్ల బాగా నచ్చేది ఇదే.

ఇబ్బంది ఎక్కడంటే, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్ ఉంటే షట్‌డౌన్ కొట్టినా అది పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటది, అప్పుడు జీపార్టెడ్ ఆ పార్టిషన్ మీద పసుపు గుర్తు పెట్టి ముట్టుకోనీయదు. ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చేసి, లేదా షిఫ్ట్ పట్టుకొని షట్‌డౌన్ కొట్టి రావాలె. ఇంకోటి, అందులో సీ, డీ అన్న అక్షరాలుండవు, ఎస్‌డీఏ2, ఎన్‌వీఎంఈ అని పేర్లుంటయ్, సైజులు చూసి గుర్తుపట్టాలె. అందుకే ముందుగాల ఫోన్‌లో తీసిన ఆ డిస్క్ మేనేజ్‌మెంట్ ఫోటో చేతిల పెట్టుకొని కూసోవాలె. పని అయ్యి విండోస్‌లోకి వచ్చినంక చెక్‌డిస్క్ నడిస్తే నడవనీయండి, నడుమల ఆపకండి.

మినీటూల్, ఈజ్‌అస్, ఏఓఎంఈఐ లాంటివి విండోస్ మీద మామూలు ప్రోగ్రామ్ లెక్క నడుస్తయ్, సీ, డీ అని పేర్లు కనిపిస్తయ్, మౌస్‌తో గెట్టు పట్టుకొని లాగుడే. లినక్స్ స్క్రీన్ చూస్తే భయమయ్యేటోళ్లకు ఇవి అనుకూలం, ఆ భయంతో తప్పు చెయ్యడం కంటే తెలిసిన స్క్రీన్ మీద సాఫ్‌గా చేసుకోవడమే మంచిది. ఇవి కూడా అప్లై కొట్టేదాకా ఏం చేయవు, సిస్టమ్ డ్రైవ్ ముచ్చట వస్తే రీస్టార్ట్ చేసి విండోస్ లేవక ముందే పని చేసుకుంటయ్. ఫ్రీ వెర్షన్లలో కొన్ని పనులకు తాళం ఉంటది, మీకు కావాల్సిన పనికి తాళం ఉందో లేదో మొదలుపెట్టే ముందే చూసుకోండి. కంపెనీ సొంత సైట్ నుంచే దింపుకోండి. పెన్‌డ్రైవ్‌ల చేతులు మారే క్రాక్ వెర్షన్ మాత్రం వద్దు, డిస్క్ మొత్తం మీద అధికారం ఇస్తున్నం ఆ ప్రోగ్రామ్‌కు, లోపల ఎవడు ఏం పెట్టిండో మనకేం తెలుసు.

పని నాణ్యత మీద నేను రెండిటి మధ్యన పెద్ద తేడా చూడలే. జీపార్టెడ్‌ను ముందు పెడుత, పైసల గోల లేదు, చేసేది కండ్ల ముందల చూపిస్తది.

కరెంటు సంగతి

ఇది చెప్పకపోతే ఈ సలహా అంతా దండగే. నకిరేకల్‌లో మా బావకు ఫోటో స్టూడియో ఉంది. కొన్నేండ్ల కింద, మే నెలలో, సీ పెంచాలని డీని కుడికి జరిపే పని పెట్టుకున్న. డీలో 300 జీబీ దాకా పెళ్లి ఫోటోలు. లెక్క చేస్తే సెకనుకు 50 ఎంబీ జరిగినా 300 జీబీకి గంటా నలభై నిమిషాలు, పాత హార్డ్ డిస్క్ అయితే ఇంకా ఎక్కువ. సాయంత్రం మొదలుపెట్టిన. ఏడు గంటలకు గాలిదుమారం లేచింది, కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉంది, కానీ అది మారే ఆ కాసింత నడుమల కంప్యూటర్ ఆగిపోయింది. మళ్ల ఆన్ చేస్తే డీ మీద రా (RAW), అంటే లోపలేముందో విండోస్‌కు చదవరాదు, అని కనిపించింది, ఎంత సైజో కూడా చూపియ్యలే.

టెస్ట్‌డిస్క్ అన్న ఫ్రీ టూల్ పోయిన పార్టిషన్ పట్టికను తిరిగి తెస్తది, హద్దు రాళ్లు ఒక్కటే పోతే అది బ్రహ్మాండంగా పనిచేస్తది. మా కాడ హద్దు కాదు, పంటే సగం ఇటు సగం అటు ఉన్నది, కాబట్టి దాని వల్ల కాలే. ఫోటోరెక్ తోటి రెండు రోజులు తవ్వితే ఫోటోలైతే చాలా వచ్చినయ్, కానీ పేర్లు లేవు, ఫోల్డర్లు లేవు, ఎవరి పెళ్లి ఏదో తెల్వదు. బావ రాత్రుళ్లు కూసొని మొకాలు చూసి వేరు చేసిండు. ఒక కుటుంబం హల్దీ ఫోటోలు మాత్రం దొరకనే లేదు. బావ నన్ను ఒక్క మాట అనలే, "నువ్వేం కావాలని చేసినవా" అన్నడు, నాకైతే ఆ పెళ్లికూతురు తల్లి మొకం ఇప్పటికీ యాదికొస్తది. అప్పటి నుంచి నా షరతు ఒక్కటే, ఎడమ గెట్టు జరపాలంటే డేటా రెండో జాగలో ఉండాలె, ఆ కాపీలోంచి నాలుగు ఫైళ్లు నా ముందల తెరిచి చూపియ్యాలె, లేకపోతే నేను మౌస్ పట్టను.

డెస్క్‌టాప్‌కు మంచి బ్యాటరీ ఉన్న యూపీఎస్ ఉండాలె, ఇన్వర్టర్ అయితే దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. ల్యాప్‌టాప్‌కు ఫుల్ చార్జింగ్ పెట్టి, చార్జర్ కూడా తగిలించి మొదలుపెట్టండి. ఎండాకాలం సాయంత్రాలు, వానకాలం మబ్బు పట్టిన రోజులు వద్దు, పొద్దున పెట్టుకోండి. డిస్క్ ఆరోగ్యం కూడా చూడాలె, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో పసుపు పచ్చగ కాషన్ అని కనిపిస్తే పార్టిషన్ ముచ్చట మర్చిపోండి, ముందుగాల డేటా బయటికి తీయండి. కదిలించుడంటే అలసిపోయిన డిస్క్‌ను ఈ కొస నుంచి ఆ కొస దాకా దున్నించినట్టు.

బిట్‌లాకర్, అంటే డ్రైవ్‌కు తాళమేసే ఎన్‌క్రిప్షన్, దాని సంగతి కూడా ఇక్కడే చెప్పాలె. విండోస్ 11 24హెచ్2 నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా మెషిన్లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అయితది, ఓనర్‌కు ఆ సంగతే తెల్వదు. అన్‌లాక్ అయి ఉన్న డ్రైవ్‌ను డిస్క్ మేనేజ్‌మెంట్ తగ్గిస్తది, పెంచుతది, ఇబ్బంది లేదు. జీపార్టెడ్‌కు మాత్రం లోపల ఏముందో కనిపించదు కాబట్టి ముందు ఎన్‌క్రిప్షన్ పూర్తిగా ఆఫ్ చేసి, డీక్రిప్ట్ అయ్యేదాకా ఆగాలె. ఏది చేసినా 48 అంకెల రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోంచి చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి. బూట్ కాడ ఆ కీ అడిగినప్పుడు అకౌంట్ పాస్‌వర్డ్ యాదికి లేక ఏడ్చినోళ్లున్నరు.

కొత్త ఎస్‌ఎస్‌డీ దారి

ఇంకా హార్డ్ డిస్క్ మీదనే విండోస్ నడుస్తుంది అంటే, గెట్లు జరుపుడు కంటే ఒక ఎస్‌ఎస్‌డీ పెట్టించుకొని విండోస్‌ను దాని మీదికి మార్చుకునుడే నా సలహా. జాగ సమస్య తీరుతది, మెషిన్ లేచే స్పీడ్ కూడా మారిపోతది, పాత డిస్క్ మొత్తం డేటాకు ఉంటది, పాతది ముట్టుకోకుండ పక్కన ఉంటది కాబట్టి ఏదన్నా తేడా వచ్చినా భయం లేదు. పాత ల్యాప్‌టాప్‌లలో డీవీడీ డ్రైవ్ తీసి ఆ జాగలో క్యాడీ పెట్టి రెండో డిస్క్ వేస్తరు, నల్గొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల ఏ కంప్యూటర్ షాపులో అడిగినా చేస్తరు. ఎమ్ డాట్ 2 స్లాట్ ఉంటే అందులో పెట్టుకోవచ్చు, స్లాట్ సాటానా ఎన్‌వీఎంఈనా అన్నది కొనే ముందే తెలుసుకోండి.

క్లోన్ (ఉన్నది ఉన్నట్టు కాపీ) చేస్తరా, కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తరా అంటే, టాలీ, బయోమెట్రిక్ డివైస్ డ్రైవర్లు, డీటీపీ తెలుగు ఫాంట్లు లాంటివన్నీ సెట్ చేసి ఉన్న మెషిన్ అయితే క్లోన్, చెత్త పేరుకుపోయి మెల్లగైన మెషిన్ అయితే కొత్త ఇన్‌స్టాల్. క్లోన్ చేసేటప్పుడే టూల్‌లో సైజులు సరిచేసుకోండి, లేకపోతే పెద్ద ఎస్‌ఎస్‌డీలో మిగిలిన ఖాళీ అంతా రికవరీ మడి అవతల పడి మళ్ల అదే బూడిద రంగు ఎక్స్‌టెండ్ దగ్గరికి వస్తరు.

లినక్స్ వాడేటోళ్లకు రెండు ముక్కలే. ఈఎక్స్‌టీ4ను నడుస్తుండంగనే పెంచొచ్చు, తగ్గించాలంటే లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి రావాలె. ఎక్స్‌ఎఫ్‌ఎస్ పెరుగుతదే గని తగ్గదు. మొదట్నే ఎల్‌వీఎం పెట్టుకొని ఉంటే ఈ గెట్ల పంచాయితే ఉండదు, ఖాళీ ఏ కొసకున్నా కలుపుకుంటది.

ఇగ మిర్యాలగూడ తమ్ముడి సంగతి. హార్డ్ డిస్క్, యూపీఎస్ బ్యాటరీ ఖతం, బయట జనం. గెట్టు జరిపే రోజు కాదది. డీ ష్రింక్ చేసి తీసిన 100 జీబీ డీకి కుడి పక్కనే ఆనుకొని ఉంది కాబట్టి, డీ మీద రైట్ క్లిక్, ఎక్స్‌టెండ్ కొట్టమన్న, నిమిషం పట్టలే, డీ ఎప్పటి లెక్క అయింది. పోయిన వారమే 11కు మార్చిండట, విండోస్ డాట్ ఓల్డ్ 18 జీబీ తీసేసినం. హైబర్నేట్ ఆఫ్ చేస్తే 3 వచ్చింది. డౌన్‌లోడ్స్ 22 జీబీ, డీలోకి జరిపించిన, పాత ఆధార్ పీడీఎఫ్‌లు తీసేస్త అన్నడు. సీలో 43 జీబీ తెల్లగైంది, ఆగిన ప్రింట్లన్నీ ఒక్కటే పారి బయటికొచ్చినయ్. యూపీఎస్ బ్యాటరీ ఈ నెల మారుస్త అన్నడు, ఎస్‌ఎస్‌డీ దసరాకు చూస్తం.